తెల్లని యన్నము, బెరిబెరి వ్యాధి: ఉత్తర సర్కారుల చరిత్రలో నొక ప్రకరణము

దేశచరిత్ర యనఁగా రాజుల వంశావళులును, యుద్ధములును, శాసనములును మాత్రమే యని తలఁచుట మనకుఁ జిరకాలముగా నలవడిన పద్ధతి. కులచరిత్ర వ్రాయఁబూనినవారును గోత్రములను, బిరుదములను, పూర్వుల దానధర్మములను బేర్కొని విరమించుచుందురు. అవి వ్రాయఁదగినవే. కాని మన పూర్వు లేమి భుజించిరి, ఏ రోగములచేఁ గృశించిరి, వారికిఁ బుట్టిన శిశువులలో నెందఱు తొలియేఁడు దాఁటి బ్రదికిరి యనునవియుఁ జరిత్రయే. అందువలన నీ సంవత్సరపు మహాసభాసంచికకు మేము కోస్తా తెలుఁగు మండలములను శతాబ్దమునకుఁ బైగాఁ బీడించిన బెరిబెరి వ్యాధి వృత్తాంతమును సంగ్రహముగా వ్రాయఁబూనితిమి. రోగము దేహమునఁ గనఁబడును గాని, దాని వేరు పలుమాఱులు కూలిలోను, ధాన్యపుఁగొట్టులోను, వంటయింటిలోను నుండునని యీ వృత్తాంతము మనకుఁ దెలుపును.

ఈ వ్యాధి పేరైనను నేఁటి యువకులలోఁ బెక్కండ్రకుఁ దెలియదు. మొదట కాళ్లు తిమ్మిరులెక్కును, పిక్కలు నొచ్చును, అరికాలికి నేల స్పర్శ తెలియకపోవును. పిదప నడక తడఁబడును; కూర్చున్నవాఁడు చేతుల యూఁత లేక లేవఁజాలఁడు. కొందఱి దేహము శుష్కించును. కొందఱికిఁ గాళ్లు మొదలుకొని నీరుపట్టి యుబ్బును. తుదకు గుండె సత్తువ చెడి, ఆయాసము హెచ్చి, నిన్నటివఱకుఁ బనిపాటులు చేసికొనుచున్నవాఁడు హఠాత్తుగా మరణించుటయుఁ గలదు.

మదరాసు సైన్యమున వైద్యుఁడుగా నుండిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో నీ వ్యాధినిగూర్చి యొక గ్రంథమును మదరాసునఁ బ్రకటించెను. ఉత్తర సర్కారులలో విడిసియున్న సిపాయిలలో వ్యాధి ప్రబలియుండుట యందు వివరింపఁబడినది. సముద్రతీరమునఁ గల యీ మండలములకును బెరిబెరికిని సంబంధము కలదని వైద్యు లానాఁడే గుర్తించిరి. కారణము మాత్రము వారికి దొరకలేదు. తేమగాలియా, ఉప్పునేలయా, శీతోష్ణముల మార్పా యని వెదకిరేకాని, రోగి కంచములోని యన్నమును శంకించినవారు లేరు. అన్నము ప్రాణాధారమని యెఱిఁగిన లోకమునకు నన్నమే రోగహేతువగునను తలంపు తోఁచక పోవుట యాశ్చర్యము కాదు.

మాల్కంసన్ గ్రంథము వెలువడునప్పటికి తెలుఁగుదేశమునకు నందన కఱవు గాయము మానలేదు. 1833లో గుంటూరు మండలమున సుమారు 5 లక్షల జనులలో లక్షన్నర మంది యాఁకటిచేతను, తద్వ్యాధులచేతను నశించిరి. ఇట్టి కఱవులను జూచినమీఁదటనే గోదావరి, కృష్ణానదులకు నానకట్టలు కట్టవలయునను నాలోచన బలపడెను. ధవళేశ్వరపు టానకట్ట ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో నారంభమై 1852లో ముగిసెను. బెజవాడయొద్ద కృష్ణకుఁ గట్టిన యానకట్ట 1855లో పూర్తియయ్యెను. మెట్టపైరులకు నెలవైన భూములు మాగాణులయ్యెను. ధాన్యము పొరుగు దేశములకు నెగుమతి యయ్యెను. డెల్టాకు నన్నపూర్ణ యను పేరు వచ్చెను. ఆ కీర్తి నిజమైనదే. మేము దానిని తగ్గింపఁదలఁపలేదు.

ఐనను భూమి మారినప్పుడు భోజనమును మారును. మెట్టపొలమునఁ జోళ్లు, సజ్జలు, కొఱ్ఱలు, కంది, పెసర, అలసంద కలిసి పండును. పేదవాని కుండలోనికి నివి యన్నియు నంతో యింతో వచ్చుచుండెడివి. నీరుపాఱు మాగాణిలో వరియే సర్వము. కూలి ధాన్యరూపమున లభించినను నా ధాన్యము వడ్లే. ఊరిలో వరికుప్పలు కొండలవలెఁ బెరిగినను, భూమిలేని కుటుంబపు కంచములో నన్నము ప్రక్క నేమి చేరినదని యడిగినచోఁ, బచ్చిమిరపకాయయో, చింతపండు పులుసో, ఉప్పో యని చెప్పవలసియుండెను.

ఇఁక బియ్యపు గింజ సంగతి. పై ఊఁక తొలఁగినపిమ్మట గింజనంటి సన్నని పొరయు, కొననొక చిన్న మొలకయు నుండును. దంపుడులో రాలి తవుడగునవి యివియే. రోటిలో నొకటి రెండుసారులు దంచినప్పుడు తవుడు కొంత రాలి, కొంత గింజకంటియుండును. పలుసారులు దంచి చెఱిగినచో బియ్యము తెల్లనగును. కాని దానికి శ్రమయుఁ గాలమును మిక్కిలిగా వలయును. కావున సామాన్యుల యింట బియ్యము సహజముగానే ముతకగా నుండెడిది. తెల్లని యన్నము కలిగినవారికిఁ జెల్లు భోగము. సిపాయిలకువలె శ్రమ వేఱొకరు పడి బియ్యము పంచిపెట్టిన చోట్ల వ్యాధి మున్నే యుండుట కిది యొక కారణము కావచ్చును.

20వ శతాబ్దపు తొలి దశకములనుండి డెల్టా పట్టణములలో ధాన్యపు మరలు వెలయఁజొచ్చెను. దానితో రెండు మార్పులు కలిగెను. మొదటిది: నాఁటివఱకు ధనికుని భోగమైన తెల్లదనము కూలివానికిని చవుకగా లభించెను. రెండవది: దంపుళ్లకుఁ బోయి నూకలో, తవుడో, గింజలో కూలిగాఁ దెచ్చుకొనుచుండిన స్త్రీలకు నా పని పోయెను. దంపుడు కఠినమైన పని. భుజములు పడిపోవువఱకు రోకలి యెత్తిన స్త్రీకి మర వచ్చుట కొంత విముక్తియే యని మే మంగీకరించుచున్నాము. కాని విముక్తితోఁబాటు కూలియుఁ బోయినది. కూలి పోయిన యింట పప్పుకొనుటకుఁ గాసు లేకపోయినది. వచ్చిన బియ్యమున తవుడు లేకపోయినది. ఈ మూఁడు నష్టములు నొక్క యింటిమీఁదనే పడెను. తవుడు గేదెలకుఁ బోయెను. వార్చిన గంజి కుడితికిఁ బోయెను. మనుష్యునికి వలసిన సారము పశువునకుఁ జేరి, పశువు తినఁదగిన పిండిపదార్థము మనుష్యునికి మిగిలెను.

కారణము కనుఁగొన్నవారు పరదేశములవారు. జపాను నౌకాదళ వైద్యుఁడైన తకాకి కనెహిరో, నావికులలోఁ దఱచుగాఁ గనఁబడు నీ వ్యాధి పై యధికారులలో నంతగా లేకుండుట గమనించెను. గాలియు, నీరును, ఓడయు నిరుతెగలకు నొక్కటియే; భేద మెల్లను కంచములోనే. 1882–83లో ర్యూజో యను నోడలోని 376 మందిలో 169 మంది వ్యాధిగ్రస్తులై 25 మంది మరణించిరి. పిదప నాహారము మార్చి 1884లో త్సుకుబా యను నోడను నదే విధమగు యాత్రకుఁ బంపఁగా నొక్కరును బెరిబెరిచే మరణింపలేదు. మాంసకృత్తుల లోపమే హేతువని తకాకి భావించెను. ఆ భావము సరి కాకపోయినను, ఆహారమునందే దోషమున్నదన్న నిర్ణయము మాత్రము సత్యమయ్యెను. పిదప జావాద్వీపమున క్రిస్టియాన్ ఐక్మన్ అను డచ్చి వైద్యుఁడు మెఱుగుబియ్యపు టన్నము తిన్న కోళ్లకుఁ గాళ్లు పడిపోవుటయు, తవుడు పెట్టినచోఁ గోలుకొనుటయుఁ గనెను. ఆ ద్వీపపు కారాగారములలోని ఖైదీలను బరిశీలించి, మెఱుగుబియ్యము పెట్టుచోటులనే వ్యాధి విశేషముగా నున్నదని వోర్డర్మన్ 1897లోఁ బ్రకటించెను. 1912లో కసిమిర్ ఫంక్ ఇట్టి జీవపదార్థములకు విటమిను లని పేరిడెను. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించెను.

మన దేశమున నీ పరిశోధన 1918లో కూనూరునందు రాబర్ట్ మెక్‌కారిసన్ స్థాపించిన బెరిబెరి విచారణశాఖతో నారంభమయ్యెను. ఒక్క గదిలో మొదలైన యా శాఖయే పోషకాహార పరిశోధనశాలయై, 1958లో హైదరాబాదునకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించెను. నేఁడు తెలుఁగువారి నడుమ నున్న యా మహాసంస్థకు బీజము బెరిబెరి యని మనలో నెందఱెఱుఁగుదురు? 1924లో మెక్‌కారిసన్, నారిస్ అనువారు వరిబియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. 1940లో అయ్‌క్రాయిడ్, కృష్ణన్ మొదలగువారు భారతదేశపు బియ్యపు సమస్యను గూర్చి మఱియొక గ్రంథము ప్రకటించిరి. వారి పరిశోధనలవలన నొక విషయము స్పష్టపడెను: దక్షిణమున నఱవదేశపువారును, మలయాళదేశపువారును వరియే తినుచున్నను వ్యాధి తెలుఁగు తీరమునందే నెలకొనెను. కారణ మేమి? వారిలోఁ బెక్కండ్రు ధాన్యమును ముందుగా నుడికించి యెండఁబెట్టి పిదప దంచెడి యుప్పుడుబియ్యమును దిందురు. ఉడుకునప్పుడు తవుటిలోని సారము గింజలోనికి దిగును. తరువాత మరలోఁ బట్టినను నంతగాఁ బోదు. మనవా రుప్పుడుబియ్యపు వాసనను సహింపరు. పచ్చిబియ్యమే మర్యాద యని తలంతురు. రుచియు, మర్యాదయు నారోగ్యమును నిర్ణయించుట కింతకన్న దృష్టాంతము వలదు.

ఈ విషయమును లెక్కలతోఁ జూతము. బియ్యపుఁ దవుటిలోని యా సారమునకు థయమిన్ అని పేరు. జాతీయ సంస్థ పట్టికల ప్రకారము 100 గ్రాములలో పచ్చి మరబియ్యమున 0.06 మిల్లిగ్రాములును, దంపుడుబియ్యమున 0.21 మిల్లిగ్రాములును, మరలోఁబట్టిన యుప్పుడుబియ్యమున సైతము 0.21 మిల్లిగ్రాములును థయమిన్ కలదు. జొన్నలలో 0.37, చోళ్లలో 0.42, కందిపప్పులో 0.45, తవుటిలో 2.70 మిల్లిగ్రాములు. ప్రతి 1000 కెలోరీల యాహారమునకు సుమారు అర మిల్లిగ్రాము థయమిన్ వలయును. దినమునకు 600 గ్రాముల బియ్యము తప్ప వేఱొండు దొరకని కూలివానికి 2000 కెలోరీలు వచ్చును. వానికి 1 మిల్లిగ్రాము థయమిన్ కావలయును. దంపుడుబియ్యమైనచో 1.26 వచ్చును, మరబియ్యమైనచో 0.36 మాత్రమే. అందును పలుమాఱులు కడిగి, గంజివార్చినచో సగమువఱకు నీటిపాలగును. అదే మరబియ్యము దిను భూస్వామికిఁ బప్పును, పెరుఁగును, కూరలును, గ్రుడ్డో చేఁపయో లోటును దీర్చును. ఒకే కుప్ప ధాన్యము, ఒకే మర, ఒకే తెల్లదనము. ఒకనికి భోగము, మఱియొకనికి రోగము. వ్యాధిహేతువు గింజయా, గింజప్రక్క నేమియు లేకుండుటయా యను ప్రశ్నకు నిదియే ప్రత్యుత్తరము.

ఇంటిలోపలఁ జూచినను సమానత కానరాదు. పురుషులును, బిడ్డలును దినిన పిదప మిగిలిన యన్నమునకు మిగిలిన పులుసుతో స్త్రీ కూర్చుండును. ఆమె గర్భిణియైనను, బాలింతయైనను నా క్రమము తప్పదు. పైపెచ్చు పథ్యమను పేర బాలింతకుఁ బప్పును, ఆకుకూరలును మాన్పించు నాచారము పెక్కిండ్ల నుండెడిది. తల్లి దేహమున థయమిన్ లేనిచోఁ బాలలోను నుండదు. అట్టి పాలు త్రాగు శిశువు చూపునకుఁ బుష్టిగానే కనఁబడి, రెండవ నెల మొదలు అయిదవ నెల లోపల నొకనాఁ డకస్మాత్తుగా గొంతు బొంగురువోయి, ఊపిరాడక, కొన్ని గంటలలో మరణించును. 1941లో అయ్‌క్రాయిడ్, కృష్ణన్ అనువారు మదరాసు రాజధానిలో బెరిబెరి గల ప్రదేశములందలి శిశుమరణములను బరిశీలించి ప్రకటించిరి. అంతకుమున్ను మన యిండ్లలో దీనికి బాలారిష్టమనియు, దృష్టిదోషమనియు, తల్లి చేసిన పాపమనియుఁ బేళ్లు. తవుడు గేదెకుఁ బెట్టి, బిడ్డను బోఁగొట్టుకొని, ఆ నిందను సైతము తలమోసిన తల్లు లెందఱో! వారి పేళ్లు ఏ వంశవృక్షమునను లేవు.

ఇచట మన దేశసంబంధమైన యొక సంగతి వ్రాయకుండ లేము. థయమిన్ రసాయనరూపమును నిర్ణయించి, 1936లో దానిని ప్రయోగశాలలో నిర్మించిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరునందు బాప్టిస్టు మిషనరీ దంపతులకు జన్మించెను. ఆయన మనీలా నగరమున నుద్యోగించుచు, తవుటిసారముచే బెరిబెరి శిశువు కోలుకొనుట కన్నులారఁ జూచి, ఆ సారపదార్థమును బట్టుకొనుటకుఁ బాతికయేండ్లు తపించెను. తన కనుఁగొనుటవలనఁ గలిగిన ధనములో నధికభాగము పోషకాహారలోప వ్యాధుల నిర్మూలనకే వినియోగింపఁ జేసెను. మఱియు భీమవరమునఁ బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు సోదరులను స్ప్రూ వ్యాధికిఁ గోల్పోయి, తామును దానిచే బాధపడి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలయందు 1945లో ఫోలిక్ ఆమ్లనిర్మాణమునకు సారథ్యము వహించిరి. అన్నపుదేశమునఁ బుట్టిన వారిరువురు నన్నములోని లోపమునకు మందు కనుఁగొనిరనుట స్మరింపఁదగినది.

ఇంతమాత్రముచే వరిని విడిచి చిరుధాన్యములు తిన్నచో సర్వము చక్కఁబడునని తొందరపడరాదు. దక్కను పీఠభూమిలో జొన్నయే యాహారముగాఁ గల పేదలకు బెరిబెరి రాలేదు. కాని పెల్లాగ్రా వచ్చెను. ఎండ తగిలినచోట్ల చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతిభ్రంశము దాని లక్షణములు. అంతకుముందు మొక్కజొన్న తినువారి వ్యాధిగా నెఱుఁగఁబడిన దానిని గూర్చి గోపాలన్, శ్రీకంఠయ్య అనువారు హైదరాబాదున పరిశోధించి, జొన్నలోని ల్యూసిన్ అను పదార్థపు టాధిక్యము కారణమని 1960లోఁ బ్రతిపాదించిరి. ఇచటను జొన్నతోఁ బప్పును, పాలును, మాంసమును దినఁగలవానికి వ్యాధి లేదు. తీరమున వరి, మెట్టను జొన్న. ధాన్యములు వేఱు, రోగములు వేఱు. రెంటికిని మూలమైన పేదఱిక మొక్కటియే. ఒక్క ధాన్యముతోఁ గడుపు నింపుకొనవలసి వచ్చుటయే యా పేదఱికపు చిహ్నము.

స్వాతంత్ర్యానంతరము బెరిబెరి క్రమముగా నరుదయ్యెను. 1934లో గాంధీమహాత్ముని ప్రేరణచే స్థాపితమైన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును బ్రచారము చేసెను. 1958లో ధాన్యపు మరలను నియంత్రించు చట్టము వచ్చెను. ఈ రెండును మరల విస్తరణము నాపఁజాలలేదు. జను లిప్పటికిని తెల్లని బియ్యమునే తినుచున్నారు. మఱి వ్యాధి యెట్లు తగ్గెను? విటమిను మాత్రలును, సూదిమందులును గొంత తోడ్పడెను. కాని తెల్లని యన్నము ప్రక్కకుఁ గాలక్రమమునఁ బప్పును, కూరయు, పాలును జేరుట యంతకన్నను ముఖ్యమైన దని మా యభిప్రాయము. బియ్యము మారలేదు, దానికిఁ దోడు దొరకినది.

నేఁటి స్థితి యాలోచింపుఁడు. 1983లో కిలో 2 రూపాయల బియ్యపు పథకముచే జొన్నలు తినుచుండిన మెట్టప్రాంతపు పేదలకును వరియన్నము నిత్యభోజనమయ్యెను. అది యాఁకటిని దీర్చిన పుణ్యకార్యము. 2025లో తెలంగాణమునఁ జవుకధరల దుకాణములందు సన్నబియ్యము పంచుట మొదలయ్యెను. కలవాఁడు తిను బియ్యమును లేనివాఁడును దినఁగోరుట తప్పు కాదు. బియ్యమునకు నినుము, ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను చేర్చి పంచుదుమని 2021లోఁ గేంద్రప్రభుత్వము ప్రకటించెను. సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్ల మీ విధముగా మరల నన్నములోనికి వచ్చినది. ఇవి మంచివే. కాని బియ్యము చవుకయై పప్పు ప్రియమైనంత కాలము పేదవాని కంచము నిండియు లోటుగానే యుండును. పూర్వ మా లోటు బెరిబెరిగాఁ గనఁబడెను. నేఁడు స్త్రీల రక్తహీనతగాఁ గనఁబడుచున్నది.

సభ్యమహాశయులారా! కులసంఘము ఔషధాలయము కాదు, ప్రభుత్వమును గాదు. ఐనను మన చేతిలో మూఁడు పనులు కలవు. సంఘములు నడుపు విద్యార్థివసతిగృహములలో బియ్యపు బస్తాల లెక్కతోఁబాటు పప్పు, ఆకుకూర, మజ్జిగల లెక్కయుఁ బ్రతిసంవత్సరము నివేదికలోఁ బ్రకటింపవలయును; అన్నము గంజివార్చక వండించి, మెఱుగు తక్కువగల బియ్యము వాడించుట కష్టము కాదు. బాలింతకుఁ బప్పును గూరయు మాన్పించు పథ్యమును మన యిండ్లలోని పెద్ద ముత్తైదువులే మాన్పింపఁగలరు. వారికి నచ్చఁజెప్పు భారము స్త్రీసమాజములది. మూఁడవది కష్టతరమైనది: మన పొలములలోను, మరలలోను, ఇండ్లలోను బనిచేయువారికి మన మిచ్చు కూలి వారి కంచములోనికి బియ్యమును మాత్రమే తెచ్చుచున్నదా, బియ్యముప్రక్క మఱేమైనఁ దెచ్చుచున్నదా యని ప్రతియొక్కరును దమ్ముఁదా మడుగవలయును. వారు మన కులమువారైనను, కాకపోయినను ఈ ప్రశ్న యొక్కటియే. పూర్వుల దానశాసనములను జదివి గర్వించు మనము దీనికి సమాధానము చెప్పఁగల స్థితిలో నుండవలయునని కోరుచు, ఈ చిన్ని వ్యాసమును మహాసభవారి పరిశీలనకు వినయముతో సమర్పించుచున్నాము.